పిలువని పేరంటము

ఆబిడ్సులోని పెద్ద తపాలా కార్యాలయమున ఉత్తరము వేయదలచినవాడు మొదట బిళ్ళ కొనవలెను. పూర్వము ఇంగ్లండులో ఈ వెలను తరచుగా అందుకొనువాడే చెల్లించుచుండెను. 1840లో రౌలండు హిల్లు తెచ్చిన సంస్కరణముతో ఆ భారము పంపువానికి మారెను. ఈ చిన్న వెలలో నొక పెద్ద నీతి కలదు: పరుల కాలమును కోరువాడు తన వంతు ముందుగా నిచ్చుకొనవలెను. ఈ-మెయిలు ఈ నీతిని తలక్రిందులు చేసినది. లక్షమందికి పంపినను పంపువానికి ఖర్చు స్వల్పము. తెఱచి, చూచి, త్రోసివేయు శ్రమ యంతయు అందుకొనువానిదే.

ఈ పిలువని పేరంటము నిన్నటిది కాదు. 1978 మే 3వ తేదీన అమెరికాలో గారీ థుయెర్కు అను కంప్యూటరు సంస్థ ఉద్యోగి, తమ యంత్రములను గూర్చిన ప్రకటనను సుమారు 400 మందికి ఒక్కసారిగా పంపెను. నేడు అట్టివి లెక్కకు మిక్కిలి. వీనిని ఏఱివేయుటకు యంత్రపు జల్లెడలు గలవు గాని, జల్లెడ పొట్టుతోపాటు గింజను గూడ పాఱవేయును. నాంపల్లిలో గది అద్దెకు తీసికొని ఉద్యోగపు పిలుపునకై వేచియున్న యువకుని తలంపుడు. మోసపు పిలుపు ముంగిటికి వచ్చి, నిజమైన పిలుపు చెత్తలో పడినచో నష్టము వానిదే కదా!

అట్లయిన చట్టముచే నిషేధింపరాదా? మన దేశమున నట్టి ప్రయత్నము జరిగినది. సమాచార సాంకేతిక చట్టమునకు 2008లో చేసిన సవరణముచే చేరిన 66ఏ విభాగము, విసుగు గలిగించుటకై ఈ-మెయిలు పంపుటను సైతము నేరముగా నెంచెను. కాని ఆ విభాగము క్రిందనే అభిప్రాయములు తెలిపినవారు నిర్బంధింపబడిరి. 2015 మార్చి 24న సుప్రీముకోర్టు దానిని కొట్టివేసెను. అది యుక్తమని మా యభిప్రాయము. వీరేశలింగము పంతులుగారు 1881లో రాజమహేంద్రవరమున వితంతువివాహము జరిపించినపుడు విసుగుకొనినవా రెందఱు! విసుగే నేరమైనచో సంస్కర్తయే మొదటి నేరస్థుడగును.

కావున విసుగు కొలబద్ద కాజాలదు. సంస్కర్త తన పేరు చెప్పుకొని, ఎదుట నిలిచి మాటాడును. వినకుండ లేచిపోవు స్వేచ్ఛ శ్రోతకుండును. అయాచిత లేఖకుడు పేరు దాచును, వలదన్నను మానడు. దోష మిచ్చటనున్నది. దినమునకు 5000కు పైగా లేఖలను జీమెయిలు చిరునామాలకు పంపువారు తామెవరో రుజువు చేయవలెననియు, ప్రకటనలు వలదనుకొన్నవారు ఒక్క నొక్కుతో తప్పుకొను వీలు కల్పింపవలెననియు గూగుల్ సంస్థ 2024లో నియమము పెట్టెను. మాటను గాక మర్యాదను కొలుచు నిట్టి నియమమే మేలు.

అయితే యితరులను దూషించు మనము నిర్దోషులమా? దుకాణమువాడు బహుమాన మిత్తుననగానే చుట్టముల చిరునామాలను వారి నడుగకయే వ్రాసి యిచ్చుచున్నాము. ఎవరు వ్రాసిరో యెఱుగని మాటలను బంధువులందఱకు పంపి, వారు వలదన్నచో నొచ్చుకొనుచున్నాము. పరుల చిరునామా మన సొత్తు కాదు. పరుల తీరిక యంతకన్నను కాదు. తలుపు తట్టుట తప్పు కాదు. పేరు చెప్పకుండుట, పొమ్మన్నను పోకుండుట తప్పు. ఈ మర్యాదను మొదట మన యింటనే యారంభింతము.