కన్నులకు తోడువచ్చిన అద్దములు

క్రిందటి మాసములో విశాఖపట్టణమునుండి దేవరాపల్లికి వచ్చిన మన సంఘ యువకుడొకడు క్రొత్త కళ్లద్దములు మాకు చూపెను. రే-బాన్ మెటా అని పేరు. 2025 మే నెలలో మన దేశమున 29,900 రూపాయలు మొదలుకొని అమ్మకమునకు వచ్చినవి. చూచినదానిని ఫొటో తీయును, అడిగినదానికి చెవిలో జవాబు చెప్పును. అద్దముమీదనే అక్షరములు కనబడునవియు ఆ సెప్టెంబరులో అమెరికాలో వచ్చినవి. హైదరాబాదున పుట్టిన సత్య నాదెళ్లగారు నడిపించు మైక్రోసాఫ్టు 2015లో హోలోలెన్సును చూపి, 2024లో దాని తయారీ మానుకొనెను. అయినను ఈ పని ఆగునట్లు తోచదు.

చూపులేనివారికి ఎదుటి బోర్డు చదివి వినిపించుట చిన్న మేలు కాదు; దానిని కాదనుటకు మాకు నోరు రాదు. ఫొటో తీయునప్పుడు ఫ్రేముమీద చిన్న దీపము వెలుగును. బిందెతో వీధిని పోవు అక్కకు ఆ దీపమేమిటో ఎవరు చెప్పిరి?

అంతకంటె పెద్ద దిగులు మా సంగతియే. ఒకసారి రోగి మంచమునొద్ద కూర్చుండి, ఆమె మాటలాడుచుండగా ఫోను చూచితిమి. ఆమె మాట ఆపివేసెను. ఫోను చూచు కన్ను క్రిందికి వాలును గనుక ఆమెకు తెలిసినది. అద్దముమీద చదువు కన్ను ఎదుటివారివైపే నిలిచినట్లుండును, అప్పుడు తెలియునా? యెరికో త్రోవలో యాజకుడును లేవీయుడును గాయపడినవానిని చూడకపోలేదు, చూచియే ప్రక్కగా పోయిరి (లూకా 10).

ఆ యువకుడు మాతో మాటలాడినంతసేపు అద్దములు తీసి జేబులో ఉంచుకొనెను. మేము అడుగలేదు.