ధాన్యముండగా ఆకలి యేల?

గాదెలు నిండియున్న ఊరిలోనే కొందరు పస్తులుండుట లోకములో కానవచ్చుచున్నది. హేతువేమని ప్రశ్నించినచో రెండు సమాధానములు వినబడును. పంట చాలలేదని కొందరందురు. వారి ప్రారబ్ధమట్టిదని మరికొందరందురు. మొదటిది దోషమును ప్రకృతిపై మోపును. రెండవది దరిద్రునిపైననే మోపును. ఏది అంగీకరించినను చూచువానికి చేయవలసినదేమియు మిగులదు. కావుననే ఈ రెంటిని విచారింపక స్వీకరింపరాదు.

ఈ విచారమునకు 1943వ సంవత్సరమున వంగదేశములో సంభవించిన క్షామము తగిన దృష్టాంతము. ఆకలిచేతను, దానివెంట ప్రబలిన వ్యాధులచేతను 20 నుండి 30 లక్షల మంది మరణించిరని పలువురు పరిశోధకుల అంచనా. అంతకు ముందు 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించుటచే అచటి బియ్యము రాక నిలిచినది. ఆ యేటి అక్టోబరులో మేదినీపుర ప్రాంతమును తుపాను పాడుచేసినది. శత్రువులకు చిక్కరాదని ప్రభుత్వము తీరప్రాంతపు పడవలను స్వాధీనపరచుకొనగా బెస్తల జీవనము చెడినది. యుద్ధవ్యయముచే కలకత్తాలో ధనము విరివియై బియ్యపు ధర అనేక రెట్లు పెరిగినది.

బాల్యమున ఈ క్షామమును కన్నులార చూచిన ఆర్థికశాస్త్రవేత్త అమర్త్యసేన్, 1981లో ప్రకటించిన గ్రంథమున ఒక విశేషమును చూపిరి. వారి గణన ప్రకారము 1943లో వంగదేశమున లభించిన ధాన్యము 1941లో లభించినదానికంటె తక్కువ కాదు. 1941లోనో క్షామము లేదు. ఈ లెక్కను అంగీకరింపని పండితులును కలరు. అయినను ఎవరు ఎక్కువగా నశించిరను విషయమున వివాదము స్వల్పము. వ్యవసాయపు కూలీలు, బెస్తలు, వడ్లు దంచి బ్రతుకు స్త్రీలు మొదట కూలిపోయిరి. పంటలో పాలు పొందు కౌలుదారులు కొంతవరకు నిలువగలిగిరి. పాలు ధాన్యరూపమున ఇంటికి వచ్చును. కూలి డబ్బు రూపమున వచ్చును. ధర పెరిగినకొలది ఆ డబ్బునకు వచ్చు బియ్యము తరిగిపోయినది. కలకత్తాలో అనేక ఉద్యోగులకు చౌకధరకు బియ్యమందినది. పల్లెలనుండి వచ్చినవారు ఆ నగరవీధులలోనే ప్రాణములు విడిచిరి.

దీనివలన తేలునదేమి? ఆకలికి ధాన్యాభావమొకటే కారణము కాదు. ఉన్న ధాన్యమును పొందు శక్తి, అధికారము లేకుండుటయు కారణమే.

ఇచట నొక ఆక్షేపము. కర్మఫలము అనుభవింపక తప్పదు గదా, అన్యులు దానికి అడ్డుపడుట యెందుకు? కర్మసిద్ధాంతము ప్రతివాడును తన నడవడిని దిద్దుకొనుటకు ఏర్పడినది. పొరుగువాని బాధను తూచుటకు కాదు. వ్యాధి కర్మఫలమని నమ్మువారును తమ బిడ్డకు జ్వరము వచ్చినచో వైద్యుని పిలుచుట మానరు. తన బిడ్డ విషయమున గుర్తుకు రాని కర్మ, కూలివాని బిడ్డ విషయమున ఏల గుర్తుకు రావలెను? భాగవతమునందలి రంతిదేవుడు 48 దినములు ఉపవసించి, లభించిన అన్నమును అతిథులకిచ్చి, చివరకు మిగిలిన నీటిని సైతము దప్పిగొన్నవానికి ధారపోసెను. ఏ పాపము చేసితివని ఎవరిని అడుగలేదు.

అయిన దానమొక్కటి చాలునా? అది నేటి ఆకలిని తీర్చును. రేపటి బియ్యపు ధరను మార్చజాలదు. కావుననే ఏర్పాటులును అవసరమైనవి. ఆంధ్రప్రదేశమున 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చినది. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము గ్రామీణులలో నూటికి 75 మంది వరకు, నగరవాసులలో 50 మంది వరకు చౌకధాన్యమునకు హక్కు కల్పించినది. చేయి చాచి పొందుదానికిని, హక్కుగా పొందుదానికిని భేదము గొప్పది. మొదటిదానిలో దాత దయ తప్పినచో ఆకలి మరల వచ్చును.

గృహస్థునకును ఇందు కర్తవ్యము కలదు. ధరలు పెరిగినను పాలేరు జీతము పెంచక, పండుగనాడు వానికొక వస్త్రమిచ్చి పుణ్యము గడించితిననుకొనుట ఆత్మవంచన. శ్రమకు తగిన కూలి దానము కాదు, ఋణము. ఋణము తీర్చిన పిమ్మట ఇచ్చునదే దానము.