పంచి యిచ్చుట – విప్పి చెప్పుట

ఆస్తిని సంపాదించుట యొక విద్య. దానిని నిలుపుకొనుట మరియొక విద్య. విడిచిపోవుట యీ రెంటికంటెను కష్టమైన విద్య. మన పూర్వులు తెలుగునాటిని విడిచి చెన్నపట్టణమునకును, బెంగుళూరునకును, బరంపురమునకును, షోలాపురమునకును వచ్చి, మగ్గమును నమ్ముకొనియో, వర్తకము చేసియో, కొలువున చేరియో, తల దాచుకొనుటకొక యిల్లు సంపాదించిరి. మొదటి రెండు విద్యలును వారికి బాగుగ తెలిసినవే. మూడవదానియందే మన కుటుంబములు తరచు తడబడుచున్నవి. ఒక న్యాయవాదిగారి కార్యాలయమున ముప్పది యేండ్లకు పైగా గుమాస్తాగా నుండి, వీలునామాలకును విడుదల పత్రములకును చిత్తులు వ్రాసినవాడను గనుక, ఈ విషయమున నాలుగు మాటలు చెప్ప సాహసించుచున్నాను.

వీలునామా మాట యెత్తుటయే అమంగళమని మనలో పెక్కుమంది తలంతురు. "మా పిల్లలు రామలక్ష్మణులు, వారి నడుమ కాగితమెందుకు?" అని తండ్రులందురు. నిజమునకు దాయవిభాగ చర్చ మనకు క్రొత్తది కాదు, సిగ్గుపడదగినదియు కాదు. విజ్ఞానేశ్వరుడు మితాక్షరను రచించినది చాళుక్యుల కల్యాణ నగరమున. అదియే నేడు కర్ణాటకమునందలి బసవకల్యాణము. 13వ శతాబ్దిలో కేతన దానిని 'విజ్ఞానేశ్వరీయము' అను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ధర్మశాస్త్రమును పద్యములుగ చదువుకొన్న జాతి, ఇంటిలో ఆస్తి మాట వచ్చినపుడు నోరు మెదపకుండుట వింతయే గదా.

చట్టము చెప్పునది క్లుప్తముగ మనవి చేసెదను. వీలునామా వ్రాయక మరణించిన హిందూ పురుషుని స్వార్జితము, 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ననుసరించి, భార్యకును, తల్లికిని, కుమారులకును, కుమార్తెలకును తలకొక సమభాగముగ చెందును. పిత్రార్జితమున కుమార్తెకు జన్మహక్కును ఆంధ్రప్రదేశము 1980ల నాడే చట్టముగ చేసెను. తమిళనాడును, కర్ణాటకమును, మహారాష్ట్రమును ఆ వెనుక చేసినవి. 2005లో అది దేశమంతటికిని వర్తించెను. ఆ నాటికి తండ్రి జీవించి యుండవలెనను నియమము లేదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

వీలునామా వ్రాయుట కష్టమైన పని కాదు. స్టాంపు కాగితమక్కరలేదు. వ్రాయించినవాని సంతకమును, ఇద్దరు సాక్షుల సంతకములును ఉండిన చాలును. రిజిస్ట్రీ తప్పనిసరి కాదు, చేయించుట మేలు. ఆ వీలునామా నిజమైనదే, కడపటిదే యని కోర్టు విచారించి యిచ్చు ధ్రువీకరణమునకే ప్రొబేటని పేరు. చెన్నై, ముంబయి వంటి నగరములందు ప్రొబేటు లేనిదే హిందువుల వీలునామాపై కోర్టున హక్కును స్థాపించుకొన వీలులేదను నిబంధన 1925 నాటి భారత వారసత్వ చట్టమున చాలకాల ముండెను. 2025లో పార్లమెంటు దానిని తొలగించినది. ఇప్పుడు కోరినవారు ప్రొబేటు పొందవచ్చును, నిర్బంధము లేదు.

అయితే ప్రొబేటు విచారణలో కోర్టు చూచునదేమి? సంతకము నిజమా? వ్రాయించినవాని బుద్ధి స్థిరముగ నుండెనా? ఒత్తిడి యేదైన కలదా? ఇంతవరకే. పంపకము న్యాయమా యను ప్రశ్నను కోర్టు వేయదు. ఆ ప్రశ్న మాత్రము ఇంటిలో దశాబ్దముల కాలము నిలిచియుండును.

ఒక కుటుంబము నూహింతము. పెద్దకుమారుడు తండ్రియొద్దనే యుండి పదునైదేండ్లు మందులిచ్చి, చేయిపట్టి నడిపించెను. కుమార్తెను రాజమహేంద్రవరమున నిచ్చిరి. చిన్నవాడు అమెరికాలో నున్నాడు. తండ్రి యిల్లు పెద్దవానికి వ్రాసి కన్నుమూసెను. ఇది యన్యాయమా? కాదనియే నా యభిప్రాయము. సమభాగమెల్లపుడును న్యాయభాగము కాదు. సేవకు విలువ కలదు, అవసరమునకును విలువ కలదు. కాని కుమార్తెకు ఈ సంగతి పదమూడవనాడు బీరువా తెరచినపుడు తెలిసినచో, ఆమెకు ఇంటిలో భాగము పోవుట కంటె పెద్ద కష్టము వేరొకటి కలదు: "నాన్నగారు నన్ను లెక్కలోనికి తీసికొనలేదు" అను తలంపు. దానికి సమాధానము చెప్పగలవాడు లేడు. తండ్రి మనసున కారణముండెను, నోటివెంట రాలేదు. చెప్పని న్యాయము వినువారికి అన్యాయముగనే తోచును.

కావున నేను చెప్పదలచినది యిదియే: ఎక్కువ తక్కువలుగ పంచు స్వేచ్ఛ తలిదండ్రులకు కలదు, కారణమును బ్రతికియుండగనే పిల్లలందరి యెదుట చెప్పుట ఆ స్వేచ్ఛకు తోడుగ వచ్చు ధర్మము.

దీనికి పెద్దలొక యాక్షేపణ చెప్పుదురు: "ముందే చెప్పినచో, కొడుకు అన్నము పెట్టునా?" ఈ భయము నిరాధారము కాదు. కాని వీలునామా దానపత్రము కాదు. అది మరణానంతరమే అమలులోనికి వచ్చును. అంతవరకు ఎన్నిమారులైనను మార్చవచ్చును, రద్దు చేయవచ్చును. చెప్పినంతమాత్రమున చేతిలోని యధికారము పోదు. భయపడవలసినది బ్రతికియుండగనే ఆస్తిని దానముగ వ్రాసి యిచ్చివేయు విషయమున. అట్లిచ్చువారు తమ పోషణను షరతుగ వ్రాయించుకొనినచో, 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టము కొంత రక్ష కలిగించుచున్నది. "చెప్పిన తగవులు వచ్చును" అనువారును కలరు. రానిండు. తండ్రి బ్రతికియుండగ వచ్చిన తగవునకు తీర్చువాడు కలడు. తరువాత వచ్చినదానికి వకీళ్ళే దిక్కు.

పరరాష్ట్రవాసులమైన మనకు ప్రత్యేకమైన చిక్కులు రెండు కలవు. మొదటిది ఆడపడుచుల విడుదల పత్రము. పసుపు కుంకుమలకు పుట్టింటికి వచ్చిన చెల్లెలిచే, అరవమునందో కన్నడమునందో మరాఠీయందో వ్రాసిన పత్రముపై సంతకము చేయింతురు. ఆంధ్రదేశమున కాపురముండు ఆమెకు ఆ లిపి పరిచయముండకపోవచ్చును. పుట్టింటి తలుపు మూతపడునేమో యని మాటాడక చేవ్రాలు చేయును. ఇష్టపూర్వకముగ హక్కు వదలుకొనుట గొప్పగుణమే. కాని దేనిని వదలుకొనుచున్నదో తెలిసి వదలినపుడే అది త్యాగము. తెలియక వదలినది నష్టము మాత్రమే. అన్నగారు ఆ పత్రమును తెలుగున చదివి వినిపించి, ఒక నెల గడువిచ్చి, ఆ తరువాత సంతకమడుగుట ధర్మము.

రెండవది వీలునామా భాష. మన పెద్దలు తెలుగున వ్రాయుదురు. అది సహజము, చెల్లును. కాని ప్రొబేటు కోరునపుడు, ఆ కోర్టున వాడుకలో లేని భాషయందున్న వీలునామాకు అనువాదము జతపరుపవలెను. "నా భార్య ఇల్లు అనుభవించును" అని తండ్రి వ్రాసిన మాటను, జీవితకాలపు వాసమని యొకరు, సంపూర్ణ హక్కని యొకరు అనువదింపవచ్చును. ఒక్క మాటపై తల్లిబిడ్డలు ఎదురు పక్షములందు నిలువవలసి వచ్చును. మనుమలకు తెలుగు చదువ రాని యిండ్లు మనలో నేడెన్నియో కలవు. తాతగారి కడపటి మాటను వారు పరుల యనువాదమున చదువవలసి యుండును. కావున తెలుగుననే వ్రాయుడు. కాని స్పష్టముగ వ్రాయుడు. అనువాదమును మీ కన్నులయెదుటనే చేయింపుడు. ఒక సెలవునాడు పిల్లలను, కోడండ్రను, అల్లుండ్రను కూర్చుండబెట్టి, ప్రతి మాటకును కారణము చెప్పుచు చదివి వినిపింపుడు.

ఇల్లు ఇటుకలతో నిలుచును. కుటుంబము మాటలతో నిలుచును. ఆస్తిని పంచు పనిని చట్టము మన పిమ్మటనైనను చేసిపెట్టును. మాట చెప్పు పనిని మాత్రము మనకు మారుగ చేయువారు లేరు. పెద్దలీ విషయమును శాంతముగ నాలోచించి, ఊపిరి యుండగనే ఆ ఋణమును తీర్చుకొందురు గాక.