భిక్ఖు అన్నవాణ్ణి దిద్దకండి

బెంగాలీ నోటికి ‘వ’ లేదు. విహారం ఇక్కడ ‘బిహార్’. బేలూరు మఠం ‘మొఠ్’. చైత్యం ‘చొయిత్తొ’. రైల్వే ఉద్యోగంతో కలకత్తా గార్డెన్ రీచ్‌లో దిగి ఇక్కడే ఉండిపోయిన నాకు ఇవన్నీ చెవికి అలవాటే. మొన్న తెనాలి నుంచి వచ్చిన మా వియ్యంకుడు గారికి మాత్రం ఒళ్లు మండింది. అవధానాలు విన్న చెవులాయె. “దేవభాషను ఇలా నమిలేస్తారేమిటండీ బావగారూ!” అన్నారు.

కాలేజ్ స్క్వేర్‌లో మహాబోధి సొసైటీ వారి ధర్మరాజిక విహారానికి తీసుకెళ్లాను. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు దిబ్బ తవ్వితే బయటపడిన బుద్ధధాతువును 1920లో ఇక్కడ ప్రతిష్ఠించారు. తెనాలి నుంచి రేపల్లె రైలెక్కితే దారిలో తగిలే భట్టిప్రోలే! అక్కడ దొరికిన భరిణెల మీద చెక్కినదీ సంస్కృతం కాదు, ప్రాకృతం. మంజూష అందులో ‘మజూస’. రెండు వేల ఏళ్లకు పైబడిన ఆ అక్షరాలను ఏ అవధాని దిద్దుతాడు?

కాషాయం కట్టిన బౌద్ధ సన్యాసిని ఇక్కడివాళ్లు ‘భిక్ఖు’ అంటారు. లక్ష్మిని ‘లొక్ఖి’ చేసిన నోరే అది. చిత్రమేమంటే పాళీలోనూ ఆ మాట భిక్ఖువే. మనం శుద్ధంగా పలికే భిక్షువు కంటే వీళ్ల ‘తప్పే’ త్రిపిటకానికి దగ్గర. మనమేం తక్కువ తినలేదు. భిక్షం మన నోట బిచ్చమైంది. గౌరవం కాస్తా జారిపోయి బిచ్చగాడు మిగిలాడు. మఠాలు ఎన్ని పాడుబడ్డా, పిల్లల్ని మఠం వేసుకుని కూర్చోమనడం మానలేదు.

పదమూడో శతాబ్దిలో మిన్హాజ్ అనే, పారసీలో రాసే చరిత్రకారుడు, బఖ్తియార్ ఖల్జీ సైన్యం కోటనుకుని పట్టుకున్నది తీరా చూస్తే విద్యాలయమని, ‘బిహార్’ అంటే హిందువీ భాషలో అదే అర్థమని రాసిపెట్టాడు. ‘వ’ అప్పటికే పోయిందన్నమాట. ఆ చదువులూ పోయాయి. పేరు ఒక రాష్ట్రానికి దక్కింది.

పలుకు దిద్దడం గురించి వినయపిటకంలో ఒక కథ ఉంది. పుట్టుకతో బ్రాహ్మణులైన ఇద్దరు భిక్షువులు బుద్ధుడి దగ్గరకొచ్చి, నానా కులాల వాళ్లు సంఘంలో చేరి తమ యాసల్లో మీ మాటలు పాడుచేస్తున్నారు, ఛందస్సులో పెడతాం, సెలవివ్వండని అడిగారు. ఆయన మందలించారు. ఎవరి భాషలో వాళ్లు నేర్చుకోవచ్చన్నారు. ఆ భాష అంటే బుద్ధుడు మాట్లాడిన మాగధి అని తర్వాతెప్పుడో బుద్ధఘోషుడు వ్యాఖ్యానం చేశాడు. నాకది మింగుడు పడదు. బుద్ధుడు తెరిచిన తలుపుకు పండితుడు గడియ పెట్టాడనిపిస్తుంది. వేదంలో స్వరం తప్పితే ఫలమే తప్పుతుందంటారు. దాని న్యాయం దానిది. బుద్ధుడు అడిగింది అర్థమైందా అని, నడుచుకున్నావా అని.

“అయినా ‘మొఠ్’ ఏమిటండీ!” అన్నారు వియ్యంకుడు గారు, ట్రామెక్కుతూ. ఆయన్ని మార్చడం నా తరం కాదు. కలకత్తా వచ్చే మిగతా తెలుగువారికి మనవి: విహారంలో ఎవరైనా ‘భిక్ఖు’ అంటే దిద్దకండి.