అభయసాధన
భగవద్గీత షోడశాధ్యాయమున దైవీసంపదను గణించుచు శ్రీకృష్ణుడు అభయమునే తొలుత పేర్కొనెను. అయితే ఆ గుణము శ్రవణమాత్రమున సిద్ధించునా, లేక దేహమును సంకటమున నిలిపిననే సిద్ధించునా యన్నది విచారణీయము. భువనగిరి ఏకశిలపై శిలారోహణమున శిక్షణ పొంది, 2014లో పదమూడేండ్ల ప్రాయమున ఎవరెస్టు నధిరోహించిన గిరిజన బాలిక, వ్యవసాయకూలీల బిడ్డ, మాలావత్ పూర్ణ ఇందుకు నాకు ప్రబల ప్రమాణము. ఎండకు కాగిన రాతిపగులులో వ్రేళ్లు జొనిపి, తన నడుమునకు బిగించిన త్రాటిని క్రింద పట్టియున్న తోటివానిని నమ్మి, కాలు మోపుటకు తావు వెదకుకొను బాలునకు భయము నశింపదు, వశమగును. ఆ త్రాటిని పట్టినవాని కులమడుగుట ఆ క్షణమున ఎవ్వరికిని తోచదు. కావున గుడికి చందా లెత్తు గ్రామము తన గుట్టను క్వారీకి విడువక పిల్లల సాధనాస్థలముగ కాపాడుకొనుటయు దైవకార్యమే. ఆ సాధనకు వలసిన త్రాళ్లకును, శిరస్త్రాణములకును, అనుభవజ్ఞుడైన శిక్షకునకును అగు ధనమును గ్రామము ముందుగనే కూర్చుకొనవలెను.