అల్లుడూ, ఆ సీసా పక్కన పెట్టు

అల్లుడూ, మైండ్‌స్పేస్‌లో పొద్దస్తమానం కుర్చీకి అతుక్కుపోయి, రాత్రి పదింటికి జిమ్‌లో బరువులెత్తితే భుజం ఊరుకుంటుందా? అది సరే. నన్ను కలవరపెట్టింది మీ ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కనున్న చిన్న సీసా. భుజం నొప్పికని తెచ్చుకున్న బీపీసీ-157 అనే పెప్టైడ్ అట. ‘పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు’ అని లేబుల్ మీదే ఉంది. అమ్మినవాడు ఆ ముక్క నీ మేలు కోరి రాయలేదురా, రేపు ఏదైనా అయితే తన మెడకు చుట్టుకోకూడదని రాసుకున్నాడు.

99 శాతం ప్యూరిటీ అని రిపోర్టు చూపించావు. జీడిమెట్ల మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్‌లోనే జుట్టు నెరిసినవాణ్ణి, ఆ కాగితం సంగతి నన్నడుగు. అందులోని హెచ్‌పీఎల్‌సీ పరీక్ష గ్రాఫు ఆ పొడి ఎంత స్వచ్ఛమో చెబుతుంది, అంతే. అందులో క్రిములు లేవని చెప్పదు. చచ్చిన బ్యాక్టీరియా వదిలిన ఎండోటాక్సిన్లు లేవనీ చెప్పదు. వాటికి పరీక్షలు వేరు. అసలైన ఇంజెక్షన్ మందు ఫ్యాక్టరీ గేటు దాటాలంటే అవన్నీ నెగ్గాలి. అయినా ఆ కాగితం నీ చేతిలో ఉన్న సీసాదేనని ఎవరు చెప్పారు?

ఇక కలుపుకోవడం. 5 మిల్లీగ్రాముల పొడిలో 2 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే, ఇన్సులిన్ సిరంజి మీద 10 యూనిట్ల గీతకు 250 మైక్రోగ్రాములు వస్తుంది. నిద్రమత్తులో 1 మిల్లీలీటరే పోశావనుకో, అదే గీతకు 500! అసలు మనిషికి ఎంత మోతాదన్నది తేలితే కదా. పరిశోధన చాలామటుకు ఎలుకల మీదే సాగింది. కొత్త రక్తనాళాలు పుట్టిస్తుందని ఆ ప్రయోగాల్లో కనబడింది. గాయానికి మంచిదే కావచ్చు, ఒంట్లో ఎక్కడో తెలియని కణితి ఉంటే దానికీ రక్తం అందిస్తుందేమోనని భయం. క్రీడాకారులకైతే ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ ‘వాడా’ 2022 నుంచే దీన్ని నిషేధించింది.

పెప్టైడంటేనే విషమని నేననను. ఇన్సులిన్ కూడా పెప్టైడే. 2025 మార్చిలో మన దేశానికొచ్చిన షుగరు, బరువు మందు మౌంజారో కూడా అంతే, కాకపోతే దానికి అనుమతి ఉంది, డాక్టర్ చీటీ ఉంది, ఏదైనా అయితే నిలదీయడానికి కంపెనీ ఉంది. మీ జిమ్‌వాళ్లు బరువు తగ్గడానికని చెప్పుకునే రెటాట్రుటైడ్ కథ వేరు. 2024 డిసెంబరులో, ఎలీ లిల్లీ ఇంకా ట్రయల్స్ నడుపుతుండగానే, ‘పరిశోధనకే’ అన్న ముసుగులో దాన్ని అమ్ముతున్నవాళ్లకు అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖలు పంపింది. ఆ లేబుల్ అక్కడా చెల్లలేదు.

ఇప్పటికే పొడుచుకుని ఉంటే దాచకు. జ్వరమొచ్చినా, సూది గుచ్చిన చోట వాచినా ఆ సీసాతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లు. జిమ్‌లో ఇవి అమ్ముతున్నవాళ్ల సంగతి తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్‌కు 1800-599-6969 నంబరులో చెప్పొచ్చు. భుజాన్ని మాత్రం ఈ వారమే ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించు, అంతదాకా బరువుల జోలికి పోకు.