తల్లి ఒడికి జీతము

చదువుము: నిర్గమకాండము 2:1-10

ఫరో కుమార్తె మోషేను నీటినుండి తీయించెను. అయితే వెంటనే రాజగృహమునకు కొనిపోలేదు. తాను ఎరుగకయే బిడ్డను కన్నతల్లికి అప్పగించి, పెంచుటకు జీతము ఇచ్చెను. ఆమె ఎరుగనిది దేవుడు ఎరిగియుండెను.

ఇంగ్లండులోని బ్రిస్టలు పట్టణమున జార్జి ముల్లరు 1836లో మొదటి అనాథ గృహమును తెరచెను. తలిదండ్రులిద్దరిని కోల్పోయిన పిల్లలకు అది ఆశ్రయము. ఏ మనుష్యుని యాచింపక, ప్రార్థనచేతనే ఆ పని నడిచెను. 1870 నాటికి ఆష్లీ డౌను అను చోట ఐదు గొప్ప భవనములు లేచెను. వాటిలో 2,000కు పైగా పిల్లలకు చోటుండెను. అయినను 1958లో ఆ భవనములు అమ్మబడెను. పిల్లలు చిన్న ఇండ్లలో కుటుంబమువలె పెరిగిరి. కాలక్రమమున ఆ ఇండ్లును మూయబడి, ఆ సేవ కుటుంబములను నిలువబెట్టుటకు మరలెను.

ఇది విశ్వాసమునకు ఓటమియా? కాదు. ముల్లరు మోసిన భారము భవనములది కాదు, బిడ్డలది.

భారతదేశమున 2015 నాటి బాలల న్యాయ చట్టము కూడ బిడ్డను సంస్థలో ఉంచుటను చివరి మార్గముగా ఎంచుచున్నది. ఎవరును లేని బిడ్డకు, ఇంట అపాయమున్న బిడ్డకు ఆశ్రమము నేటికిని అవసరమే. కాని కేవలము పేదరికమువలన ఒక విధవరాలు తన బిడ్డను ఆశ్రమపు గుమ్మమున విడువవచ్చినయెడల, సంఘము బిడ్డకు పడక చూపకముందు తల్లికి బియ్యము, పని, బడి ఖర్చు చూపవలెను. గోడమీది పలకపై దాత పేరు నిలుచును. తల్లి పొయ్యిలో కాలిన కట్టెకు పేరుండదు. రహస్యమందు చూచు తండ్రి దానినే లెక్కించును.